సీ డ్రైవ్ ఎర్రబడింది అన్నావు కదా

చిన్నా,

రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది సగమే అర్థమైంది, మిగతా సగం నీ రూమ్మేట్ల గోలలో కొట్టుకుపోయింది. లాప్‌టాప్‌లో విండోస్ లెవెన్ వేసుకుందామని నొక్కావు, సీ డ్రైవ్ నిండిపోయి ఎర్ర గీత చూపిస్తూ చోటు చాలదంది, ఏది తీసేయాలో ఏది తీయకూడదో తెలియక ఫోన్ చేశావు, అంతేనా? మంచి పని చేశావు, నేనైతే అప్పట్లో ఎవర్నీ అడక్కుండానే తీసేశాను, ఆ కథ కింద చెప్తా. ఫోన్‌లో చెబితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు కాబట్టి షాపు కట్టేశాక కూర్చుని టైపు చేస్తున్నా, మొత్తం చదివాకే చెయ్యి పెట్టు.

అది కొన్నప్పుడే మీ నాన్న "64 జీబీయా, నా ఫోన్‌లోనే అంతకంటే ఎక్కువుంది" అన్నారు, మనమే డబ్బులు చూసుకుని సరే అనుకున్నాం. లోపలున్నది ఊడదీసి మార్చుకునే డిస్కు కాదు, ఈఎంఎంసీ, బోర్డుకే అతికి ఉంటుంది, కాబట్టి పెద్దది వేయిద్దాం అనే మాటే లేదు. 64 అని రాసున్నా నీకు 57, 58 కనపడుతుంది, దానికి గాబరా పడకు. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అందులోంచి రికవరీకి కాస్త పక్కన పెట్టుకుంటుంది. మన షాపులో 120 అని కొన్న ఎస్ఎస్‌డీ కూడా 111 అనే చూపిస్తుంది. లెవెన్‌కి కనీసం 64 జీబీ డిస్కు, 4 జీబీ రామ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు, అంటే నువ్వు సరిగ్గా గడప మీద ఉన్నావు. పీసీ హెల్త్ చెక్ అని వాళ్లదే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ముందు దాన్ని నడుపు, అది వద్దంటే అక్కడితో ఆగిపో.

అసలు ఇప్పుడెందుకమ్మా అంటావేమో. పాత విండోస్ టెన్‌కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నువ్వు అందులోనే బ్యాంకు పనులు చేస్తావు, ఫీజులు కడతావు, హాస్టల్ వైఫైలో తిరుగుతావు. షాపులో తెలుగు కార్డులు కొట్టే పేజ్‌మేకర్, అను ఫాంట్స్ ఉన్న పాత సిస్టమ్‌ని నేను మార్చలేదు, మార్చను కూడా, కానీ దానికి నెట్ వైరే పీకేశాను. నీది అలా కుదరదు కదా.

అంత చోటు ఎందుకు అడుగుతుందంటే, పాత ఇంట్లో కాపురం ఉంటూనే అదే స్థలంలో కొత్త ఇల్లు కడుతుందన్నమాట. డౌన్‌లోడ్ చేసింది ఒకవైపు, దాన్ని విప్పింది ఇంకోవైపు, కొత్త విండోస్ ఎక్కాక పాతదాన్ని పారేయకుండా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో దాచిపెడుతుంది, నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి. అందుకే కాసేపు అన్నీ కలిపి మోయాలి. నీకు మిగిలిన 3 జీబీ ఖాళీలో అది ఎక్కడ పడుతుంది? నా లెక్కలో 20 జీబీ ఖాళీ లేకుండా మొదలుపెట్టడం దండగ.

ఇప్పుడు నా కథ. షాపులో ఉన్న రెండో సిస్టమ్‌కి లెవెన్ వేసినప్పుడు నాకూ ఇదే ఎర్ర గీత వచ్చింది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. టెంపరరీ అంటే తాత్కాలికమే కదా అని వరసగా అన్నింటికీ టిక్కులు పెట్టి రిమూవ్ నొక్కాను. ఆ వరసలో డౌన్‌లోడ్స్ అని ఒకటుంటుంది. మామూలుగా దానికి టిక్ ఉండదు, నేనే పెట్టాను, ఎవర్నీ అనడానికి లేదు. వాట్సాప్ వెబ్‌లో కస్టమర్లు పంపేవన్నీ పడేది అందులోనే, నా బద్ధకం కొద్దీ చేస్తున్న ఫైళ్లు కూడా అందులోనే సేవ్ చేసేదాన్ని. కొల్లిపర మాస్టారు వాళ్లమ్మాయి శుభలేఖ, ఆయన మూడుసార్లు వచ్చి ఎర్ర పెన్నుతో దిద్దించి ఓకే చేసిన ఫైలు, మర్నాడు ప్రెస్‌కి వెళ్లాల్సింది, దాంతోపాటే పోయింది. రీసైకిల్ బిన్‌లో చూస్తే అక్కడా లేదు, అలా తీసేసినవి బిన్‌లోకి రావు. రాత్రంతా కూర్చుని పాత ప్రూఫ్ కాగితం చూసి మళ్లీ కొట్టాను. ముహూర్తం రాత్రి 2.14 అయితే నిద్రమత్తులో 2.41 అని కొట్టాను. 400 కార్డులు. మాస్టారి భార్య కట్ట విప్పుతూనే చూశారు కాబట్టి పంచకముందే దొరికింది, రెండోసారి ప్రింటు నా ఖర్చే. మీ నాన్నకి ఈ 400 సంగతి తెలీదు, చెప్పకు.

కాబట్టి నీకు చెప్పేదేంటంటే, తీసేయడం మొదలుపెట్టకముందు పక్కకు జరపాల్సినవి జరుపు. ప్రాజెక్టు ఫోల్డర్, సర్టిఫికెట్ల స్కాన్లు, ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని తీసి నీ ఫ్రెండ్ సిస్టమ్‌లో పెట్టి ఓ నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడు. కాపీ అయిందని అది చెప్పడం కాదు, నువ్వు తెరిచి చూడాలి. ఆ తర్వాతే ఇక్కడ డిలీట్. అలాగే లాప్‌టాప్‌కి ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కుకి తాళం వేసే ఏర్పాటు, ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, మధ్యలో అడిగిందంటే ఆ అంకెలు లేకుండా లోపలికి రానివ్వదు, ముందే కాగితం మీద రాసిపెట్టుకో. లాప్‌టాప్‌లోనే నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటావేమో, అంత తెలివైన పని చేయకు.

ఇక చోటు. యాప్స్ లిస్టుని సైజు వారీగా పెట్టి చూడు. మొన్న స్క్రీన్ షేర్ చేసినప్పుడు ఫోన్ గేమ్‌లు లాప్‌టాప్‌లో ఆడించే బ్లూస్టాక్స్ కనపడింది నాకు, ఆ గేమ్ ఫోన్‌లో ఆడుకోవచ్చు కదరా. సినిమాలు ఎన్నున్నాయో నేను అడగను, నువ్వు చెప్పకు. నెట్‌లో ఫైళ్లు దాచే వన్‌డ్రైవ్ వాడుతుంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ అను, ఫైలు నెట్‌లో ఉంటుంది, ఇక్కడ పేరు మాత్రం మిగులుతుంది, కానీ నెట్ లేకపోతే తెరుచుకోదు, పరీక్ష ముందురోజు నోట్స్ మీద ఆ ప్రయోగం వద్దు.

హైబర్నేట్ ఫైల్ అని, లాప్‌టాప్ నిద్రపోయేటప్పుడు తెరిచి ఉన్న పనిని దాచుకునేది, ఒకటి కనపడకుండా కూర్చుంటుంది, నీ 4 జీబీ రామ్‌కి అది జీబీన్నర పైనే ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్ హెచ్, ఒక ఖాళీ, ఆఫ్ అని కొట్టు. పని అయ్యాక అదే మాట ఆన్ అని కొడితే తిరిగొస్తుంది.

యూట్యూబ్‌లో చూసి, విండోస్ తన సొంత ఫైళ్లు పెట్టుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌ని మాత్రం డిలీట్ చేయకు. చూడటానికి బోలెడు జీబీలు కనపడుతుంది, నిజంగా అంత ఉండదు. ఒకే ఇంటికి రెండు వీధుల్లో గుమ్మాలున్నట్టు, ఒకే ఫైలు అక్కడా ఇక్కడా పేర్లతో ఉంటే రెండుసార్లు లెక్కేసి చూపిస్తుంది. దాన్ని చేత్తో తీసేస్తే మర్నాడు లాప్‌టాప్ లేవకపోవచ్చు. ఈ పని చేసి మన షాపుకి పట్టుకొచ్చినవాళ్లని ఇద్దరిని చూశాను.

ఇన్ని చేసినా ఇంకా చాలదంటే అప్‌డేటే అడుగుతుంది, బయటి డ్రైవ్ ఏదైనా పెడతావా అని. 10 జీబీ అయినా ఖాళీ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి దాన్నే చూపించు, తాత్కాలికంగా అక్కడ సామాన్లు పెట్టుకుంటుంది. నీ ఫైళ్లు దాచిన పెన్‌డ్రైవ్ కాదు, వేరేది. పని అయ్యేదాకా పీకకు, అయ్యాక కూడా వెంటనే ఫార్మాట్ కొట్టకు, పాత విండోస్‌కి వెనక్కి వెళ్లాలంటే అది కావాలి.

వెనక్కి వెళ్లడానికి 10 రోజులే టైము, తర్వాత పాతది దానంతటదే పోతుంది. ఆ లోపల కాలేజీ సాఫ్ట్‌వేర్, ప్రింటర్, తెలుగు టైపింగ్, సౌండు, కెమెరా అన్నీ చూసుకో. లెవెన్ రాగానే మళ్లీ ఎర్ర గీత కనపడుతుంది, అది ఈ పాతదాని బరువే. అన్నీ బాగున్నాయి అనుకున్నాకే అదే టెంపరరీ ఫైల్స్‌లో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అనే ఒక్కదానికి టిక్ పెట్టు. ఒక్కదానికే. డౌన్‌లోడ్స్ వైపు చూడకు.

శనివారం రాత్రి మొదలుపెట్టు, ఛార్జర్ గుచ్చి, మూత తెరిచి. మధ్యలో ఒకచోట శాతం కదలకుండా అరగంట నిలబడొచ్చు, పవర్ బటన్ నొక్కి పట్టుకోకు, వెళ్లి అన్నం తినిరా. ఎంత తంటాలు పడినా ఎక్కలేదంటే వదిలేయ్, సంక్రాంతికి వచ్చినప్పుడు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ ఎక్కించి మొత్తం తుడిచి కొత్తగా వేస్తాను, అలా వేస్తే పాతదాని బరువు మోయాల్సిన పని ఉండదు.

రేపు ఆర్టీసీ కార్గోలో రెండు పెన్‌డ్రైవ్‌లు పంపుతున్నా. ఎర్రది అప్‌డేట్‌కి. నల్లది నీ ఫైళ్లకి, అందులో "పెళ్లిళ్లు" అని నా ఫోల్డర్ ఒకటి ఉంటుంది, ఎంత చోటు చాలకపోయినా దాన్ని ముట్టుకోకు.

అమ్మ