కనెక్టర్ బిగించే ముందు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. సంప్ (అక్వేరియం నీళ్లు దిగి శుభ్రమయ్యే వేరే ఫిల్టర్ తొట్టి) కోసం అక్వేరియం గాజుకు రంధ్రం చేయించాలని గ్రూపులో కొందరు అనుకుంటున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ పలక టఫెన్డ్ గాజు (వేడిచేసి గట్టిపరిచిన గాజు) కాదని ఖాయం చేసుకోండి. టఫెన్డ్ అయితే డ్రిల్ చేయగానే మొత్తం ముక్కలైపోతుంది. కొన్ని రెడీమేడ్ ట్యాంకుల్లో అడుగు పలక ఒక్కటే టఫెన్డ్ ఉంటుంది.

ఇక ట్యాంక్ కనెక్టర్, అంటే ఆ రంధ్రంలో బిగించి గాజుకు పైపును కలిపే ఫిట్టింగు. లీకు ఆపేది రబ్బరు వాషరే కానీ నట్టు బిగువు కాదు. వాషర్ కనెక్టర్ తల వైపు, అంటే మామూలుగా ట్యాంకు లోపల, గాజుకు ఆనుకుని ఉండాలి. బయట నట్టు వైపు వేస్తే నీళ్లు థ్రెడ్ వెంట కారతాయి. గాజు శుభ్రంగా తుడవండి, చిన్న ఇసుక రేణువున్నా చెమ్మ ఊరుతుంది. నట్టు చేత్తో బిగించాక పావు చుట్టు చాలు. రెంచితో బలంగా తిప్పితే వాషర్ పక్కకు జారుతుంది, గాజూ పగలొచ్చు. వాషర్‌కు సిలికాన్ పూస్తామని ప్లంబర్ అంటే, దయచేసి వద్దనండి. తర్వాత విప్పడం నరకం.

టెఫ్లాన్ టేపు పైపు చేరే థ్రెడ్‌కే, నట్టుకు కాదు. పైపు బరువు కనెక్టర్ మీద పడకుండా క్లాంపు వేయించండి. రొయ్యలు పెంచేవాళ్లు ఇత్తడి ఫిట్టింగుల జోలికి పోవద్దు, రాగి వాటికి విషం.

పైపులు అతికించిన సాల్వెంట్ సిమెంటు (పీవీసీ జిగురు) పూర్తిగా ఆరాక నీళ్లు నింపి 24 గంటలు వదిలేయండి. ప్రతి జాయింటునూ టిష్యూ కాగితంతో అద్ది చూడండి. చేపలు ఆ తర్వాతే.

సందేహముంటే గాజు మందం, ట్యాంకు కొలతలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.