ఏట్లో పట్టిన చేప వేరు, తొట్టెలో పుట్టిన చేప వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

అరుదైన చేప జాతులను రక్షిత జాబితాలో చేర్చి, ఇంట్లో పెంచడాన్ని కూడా నిషేధించాలనే మాట మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇరవై ఏళ్లుగా ఇంట్లో చేపలు పెంచుతున్నాను. నా తొట్టెలో రెడ్ టెయిల్ షార్క్ ఒకటి ఉంది, పేరుకే షార్క్, నిజానికి చిన్న మంచినీటి చేప. నల్లటి ఒళ్లు, నిప్పుకణిక లాంటి తోక. పగిలిన కుండపెంకు కింద దాని కాపురం. ఇంకో చేప అటు తొంగి చూస్తే చాలు, తరిమి తరిమి కొడుతుంది. దీని పుట్టిల్లు థాయ్‌లాండ్ నదులు. అక్కడ ఇప్పుడు దాదాపు కనిపించదు. మనకు అమ్మేవి ఫారాల్లో పుట్టినవి.

అరుదైన చేపల్ని ఏట్లో వలేసి పట్టి అమ్మేవాళ్లను నేను వెనకేసుకురాను, వాళ్ల మీద చట్టం గట్టిగానే ఉండాలి. కానీ అసలు పెంచడమే నేరమంటే తొట్టెల్లో నిలిచిన వంశం కూడా పోతుంది. మెక్సికోలో టెకీలా చేప తన సొంత నదిలోనే లేకుండా పోయింది. 1998లో ఒక పెంపకందారు ఇచ్చిన ఐదు జతలతో అక్కడి శాస్త్రవేత్తలు సంతతి పెంచి, మళ్లీ అదే నదిలో వదిలారు. ఆ ఐదు జతలూ ఎవరి ఇంట్లోనూ లేకపోయి ఉంటే?

ఏషియన్ అరవానా అనే అరుదైన చేప విషయంలో దారి ఉంది. అంతర్జాతీయ వ్యాపారం మీద కఠిన నిషేధం ఉన్నా, నమోదైన ఫారాల్లో పుట్టినవాటికి గుర్తింపు కోసం ఒంట్లో మైక్రోచిప్ వేసి సర్టిఫికెట్‌తో అమ్మనిస్తున్నారు. వేలెడంత చేపకు చిప్ కుదరదు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు రాసే రిజిస్టర్ పెట్టమనండి, సంతోషంగా రాస్తాం.

మావాళ్లకూ ఒక మాట. పెంచలేక చేపల్ని చెరువుల్లో వదలకండి. రోగాలు అంటుకుంటాయి, స్థానిక చేపలు దెబ్బతింటాయి.

ఏ జాతినైనా ఆ జాబితాలో చేర్చేముందు, దానితో పిల్లలు పెట్టించిన వాళ్లను కూడా పిలిచి అడగాలని అధికారులను కోరుతున్నాను.

— ఒక చేపల పెంపకందారు