పైపోర్షన్‌లో ఉన్న బిడ్డకు

మిర్యాలగూడ

బిడ్డా,

ఇక్కడ అందరం బాగున్నాం. యాసంగి కోతలు మొదలయ్యాయి. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయి, నాకూ కెమెరాల పని చేతినిండా ఉంది. అయినా నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిందే మనసులో తిరుగుతోంది. "మీరు దిగినప్పటి నుంచే మా కెమెరాలు బందవుతున్నాయి" అని ఓనరు అన్నాడని చెప్పేటప్పుడు నీ గొంతు పూడుకుపోయింది. ఇదంతా ఫోన్‌లో చెప్తే సగం వినబడుతుంది, సగం పోతుంది. అందుకే రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ పో.

ఆయన అన్నది అబద్ధం కాదు, నీ తప్పు కూడా ఏమీ లేదు. మీరు దిగాకే ఆ గొడవ మొదలైన మాట నిజం. కానీ గొడవ పడుతున్నది కింద ఉన్న కెమెరాల రికార్డరు, పైన ఉన్న నీ ల్యాప్‌టాప్. రెండూ ఒకే నంబరు పట్టుకుని కూర్చుంటున్నాయి. నాకు ఈ అనుమానం ఎందుకొచ్చిందంటే, పొద్దున పూట ఏ ఇబ్బందీ లేదన్నావు. గాలిదుమారం లేచి కరెంటు పోయి వచ్చిన సాయంత్రాల్లోనే నీ ఆన్‌లైన్ క్లాసు తెగుతోందన్నావు. ల్యాప్‌టాప్ మూలన 'ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్' అని ఏదో వచ్చి పోతోందని కూడా అన్నావు. ఆ చివరి మాట ఫోన్ పెట్టేసే ముందు, అదేదో చిన్న విషయం అన్నట్టు చెప్పావు. మొత్తం సంగతి అందులోనే ఉంది బిడ్డా.

ఇంట్లో నెట్‌కు కలిసే ప్రతి వస్తువుకూ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, ఐపీ అడ్రస్ అంటే అదే. మీ ఇంట్లో అది 192.168.1 తో మొదలవుతుంది. చివర 1 రౌటర్‌ది, మిగిలినవాటికి 2 నుంచి 254 లోపు ఏదో ఒకటి. ఇట్లా నంబర్లు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇచ్చిన నంబరు ఎప్పటికీ ఉండిపోదు, గడువు ఉంటుంది. చాలా రౌటర్లలో ఆ గడువు ఒక రోజు. రికార్డరు సంగతి అట్లా కాదు. కెమెరాలు బిగించే మాలాంటివాళ్లం దానికి చేత్తోనే నంబరు పెడతాం, గుర్తుండేలా 10 అనో 50 అనో. అది రౌటర్‌ను అడగదు. కరెంటు రాగానే నా నంబరు ఇదే అని పెట్టుకుని కూర్చుంటుంది. మీ ఓనరు వాళ్లది 10 అనుకుందాం.

రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉంది, రికార్డరు మామూలు లైన్ మీద ఉంది అని నువ్వే చెప్పావు. ఇప్పుడు చూడు. సాయంత్రం కరెంటు పోయింది. రికార్డరు ఆగిపోయింది, రౌటర్ నడుస్తోంది. సరిగ్గా అప్పుడే నువ్వు క్లాసు కోసం ల్యాప్‌టాప్ తెరిచావు. రౌటర్ తన లెక్క చూసుకుంది. 10 అనే నంబరు వాడుతున్నామని చెప్పేవాళ్లు ఎవరూ లేరు, అది నీకు ఇచ్చేసింది. కాసేపటికి కరెంటు వచ్చింది. రికార్డరు లేచి తన పాత 10 తోనే నెట్‌లోకి వచ్చింది. మరుసటి రోజు పొద్దున నువ్వు ల్యాప్‌టాప్ తెరిచేసరికి రికార్డరు నడుస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆ నంబరు ఇంకెవరి దగ్గరైనా ఉందా అని ముందు అడిగి చూసుకుని, ఉందని తెలిసి దాన్ని వదిలేసి వేరేది తెచ్చుకుంటుంది. పొద్దున ఇబ్బంది లేకపోవడానికి కారణం అదే.

మరి మీరు రాకముందు ఎందుకు రాలేదు? అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవి రెండు మూడు ఫోన్లు, ఒక టీవీ. వరుసగా నంబర్లు ఇచ్చే రౌటర్ అయితే పంపకం 10 దాకా పోనే పోలేదు. నీ ఫోను, అల్లుడి ఫోను, మీ ల్యాప్‌టాప్‌లు, టీవీ, గీజర్‌కు పెట్టిన ఆ స్మార్ట్ ప్లగ్ చేరాక లెక్క 10 దాటింది.

ఒకే నంబరు ఇద్దరి దగ్గర ఉంటే జరిగేది ఇది. మా మిల్లు ముందు రెండు ట్రాక్టర్లకు ఒకే టోకెన్ నంబరు రాసిచ్చారనుకో. కాంటా దగ్గర ఆ నంబరు పిలిస్తే ఇద్దరూ బండి ముందుకు తోలుతారు. రౌటర్ కూడా "10 ఎవరు?" అని అడుగుతుంది, నేనంటే నేనని రెండూ జవాబిస్తాయి. చివరగా పలికినదాన్నే రౌటర్ నమ్ముతుంది, దానికే డేటా పంపుతుంది. కాసేపు నీ క్లాసు నడుస్తుంది, వాళ్ల ఫోన్‌లో కెమెరా నల్లబడుతుంది. ఇంకాసేపటికి కెమెరా వస్తుంది, నీ క్లాసులో పిల్లల మొహాలు బిగుసుకుపోతాయి. నెట్ స్లోగా ఉందని నువ్వు అనుకుంటున్నావు, మీరు నెట్ అంతా లాగేస్తున్నారని వాళ్లు అనుకుంటున్నారు. రెండూ కాదు.

నా మాట నమ్మి ఊరుకోకు, నువ్వే తేల్చుకో. మళ్లీ అట్లా అయిన సాయంత్రం ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ, తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టు. ఐపీవీ4 అడ్రస్ అన్న చోట ఏముందో రాసుకో. తర్వాత నీ ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, అల్లుడి ల్యాప్‌టాప్ నుంచి అదే నంబరుకు పింగ్ కొట్టించు, అంటే ఆ నంబరు పలుకుతుందా అని అడిగించు. నీది ఆపేశావు కాబట్టి జవాబు రాకూడదు. వచ్చిందంటే ఆ నంబరు మీద ఇంకొకటి కూర్చుంది. వెంటనే ఏఆర్‌పీ, ఒక ఖాళీ, గీత, ఏ (arp -a) అని కొడితే ఆ నంబరు ఎదురుగా 12 అక్షరాల అడ్రస్ కనబడుతుంది. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు, తయారుచేసిన కంపెనీ ఇచ్చేది. మొదటి ఆరు అక్షరాలను బట్టి ఏ కంపెనీదో తెలిసిపోతుంది. రికార్డరు అడుగున స్టిక్కర్ మీద అదే ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఇదంతా కష్టమనిపిస్తే, కింద టీవీలో రికార్డరు మెనూ తెరిచి నెట్‌వర్క్ అన్న చోట చూసినా దాని నంబరు కనబడుతుంది. ఒకవేళ నీ ల్యాప్‌టాప్‌లో 169.254 తో మొదలయ్యే నంబరు ఉంటే అది ఈ గొడవ కాదు. రౌటర్ నుంచి జవాబే రాక ల్యాప్‌టాప్ సొంతంగా పెట్టుకున్న నంబరు అది. అప్పుడు ఆగి నాకు ఫోన్ చెయ్యి.

అన్నట్టు, మన ఇంట్లో రికార్డరుకు కూడా 192.168.1.10 ఏ ఉంది. ఇక్కడి 10, అక్కడి 10 ఎందుకు కొట్టుకోవని నీకు అనుమానం రావచ్చు. ప్రపంచం మొత్తానికి ఇట్లాంటి నంబర్లు దాదాపు 430 కోట్లే ఉన్నాయి. అవి చాలవని ముందే తెలిసి, కొన్ని వరుసలను ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి విడిగా పెట్టారు. 1996లో రాసిన పద్ధతి అది. గడప దాటాక ఈ నంబరు ఎవరికీ కనబడదు. అందుకే గొడవ ఎప్పుడూ ఒకే ఇంటి లోపలే వస్తుంది.

బాగుచేయడం తేలిక. కానీ రౌటర్ ఓనరుది. ఆయన పక్కన కూర్చుని చూస్తుండగానే చెయ్యి. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే రౌటర్ పేజీ వస్తుంది. డీహెచ్‌సీపీ అన్న చోట మొదలు, చివర అని రెండు గళ్లు ఉంటాయి. అక్కడ ఏముందో ముందు ఫోటో తీసుకో. మొదట్లో 100, చివర్లో 200 పెట్టి సేవ్ చెయ్యి. ఇక రౌటర్ 100 కింద నంబరు ఎవరికీ ఇవ్వదు, అవి చేత్తో పెట్టే రికార్డర్లకు, ప్రింటర్లకు మిగిలిపోతాయి. రికార్డరు నంబరు మాత్రం ముట్టుకోకు. అది బిగించినవాళ్లు దాని మీద ఇంకేం సెట్ చేశారో మనకు తెలియదు, కెమెరాలు ఫోన్‌లో రాకుండా పోతే మళ్లీ మన మీదికే వస్తుంది. సేవ్ అయ్యాక రౌటర్‌ను ఒకసారి ఆపి ఆన్ చేసి, ల్యాప్‌టాప్, ఫోన్ల వైఫై కూడా ఆపి ఆన్ చేయండి. కొత్త నంబర్లు వస్తాయి.

మ్యాక్ అడ్రస్ చూసి ఫలానా వస్తువుకు ఫలానా నంబరే ఇవ్వు అని రౌటర్‌కు చెప్పే దారి కూడా ఉంది. ప్రింటర్‌కు అది బాగుంటుంది. ఫోన్లకు మాత్రం చెయ్యకు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు అసలు మ్యాక్ దాచి వైఫైకి వేరేది చూపిస్తున్నాయి. నెట్‌వర్క్‌ను తీసేసి మళ్లీ కలిపితే అది మారిపోవచ్చు, మన లెక్క తప్పుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. రౌటర్ వెనుక సూది దూరేంత రంధ్రం ఉంటుంది. ఎవరు చెప్పినా దాన్ని పిన్నుతో నొక్కకు. ఆపి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే నెట్ ఇచ్చినవాళ్లు అందులో పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. అప్పుడు వాళ్ల మనిషి వచ్చేదాకా కింద వాళ్లకూ నెట్ ఉండదు, మీకూ ఉండదు. నంబరు గొడవకు రీసెట్ మందు కాదు. ఇక్కడ చాలామంది ముందు అదే నొక్కి, తర్వాత నాకు ఫోన్ చేస్తారు.

పడకగదిలో సిగ్నల్ అందడం లేదని అల్లుడు పాత రౌటర్ తెచ్చి పెడతానన్నాడట. పెట్టమను, తప్పులేదు. ఆ రాతి గోడలు దాటి కింది నుంచి సిగ్నల్ రావడం కష్టమే. కానీ అట్లాగే కేబుల్ గుచ్చితే ఇప్పుడున్న గొడవకు ఇంకోటి తోడవుతుంది. ఆ రౌటర్ నంబరు కూడా 192.168.1.1 ఏ అయి ఉంటుంది, అది కూడా నంబర్లు పంచుతుంది. ఒకే ఇంట్లో పంచేవాళ్లు ఇద్దరైతే ఎవరు ముందు పలికితే వాళ్ల నంబరే వస్తుంది, సగం ఫోన్లు ఒక రౌటర్ మాట, సగం ఇంకో రౌటర్ మాట వింటాయి. కాబట్టి కింది కేబుల్ కలపకముందే, ఆ పాత రౌటర్‌కు ల్యాప్‌టాప్ ఒక్కటే తగిలించి, దాని పేజీలోకి పోయి నంబరు 192.168.1.2 కు మార్చమను. అందులో డీహెచ్‌సీపీ ఆపేయమను. ఆ తర్వాతే కింది నుంచి వచ్చిన కేబుల్ గుచ్చాలి. అది కూడా వ్యాన్ (WAN) అని రాసి ఉన్న రంధ్రంలో కాదు, పక్కనున్న ల్యాన్ (LAN) రంధ్రాల్లో ఒకదానిలో. అట్లా చేస్తే అది వైఫై వెదజల్లడానికే పనికొస్తుంది, నంబర్లు మాత్రం కింది రౌటరే ఇస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో రెండు రౌటర్లకూ ఒకే చానల్ పెట్టవద్దు. ఒకదానికి 1 ఉంటే ఇంకోదానికి 6 కానీ 11 కానీ పెట్టండి, ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. మీ గీజర్ ప్లగ్ లాంటివి ఎక్కువగా 2.4 మీదే పనిచేస్తాయి, దాన్ని ఆపేయకండి.

ఇక ఓనరు సంగతి. ఆయన మాట నీకు నొప్పిగానే ఉండి ఉంటుంది. కానీ వాళ్ల కొడుకు ఎక్కడో దూరదేశంలో ఉండి, రోజూ ఆ కెమెరాలోనే అమ్మానాన్నను చూసుకుంటాడని నువ్వే చెప్పావు కదా. కెమెరా నల్లబడితే ఆ పిల్లవాడికి ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించు. అర్ధరాత్రి అనకుండా ఫోన్ చేసి ఉంటాడు, ఈయన మీ మీద విసుక్కుని ఉంటాడు. నువ్వు పోయి "అంకుల్, మీ రికార్డరుకు, నా ల్యాప్‌టాప్‌కు ఒకే నంబరు పడుతోంది, మా నాన్న సరిచేసే పద్ధతి చెప్పాడు, మీరు కూర్చుంటే పది నిమిషాల్లో అయిపోతుంది" అని చెప్పు. ఎవరిది తప్పు అన్న మాటే తేవద్దు. రికార్డరును కూడా ఇన్వర్టర్ లైన్ మీదికి మార్పించుకుంటే కరెంటు పోయినా కెమెరాలు ఆగవని చెప్పు, కెమెరాల అడాప్టర్ కూడా అదే లైన్ మీద ఉండాలని మర్చిపోకుండా చెప్పు. మంచి ఎలక్ట్రీషియన్ ఒక పూటలో మారుస్తాడు. ఇల్లు కట్టేటప్పుడు ఆ లైన్ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆదివారం పొద్దున పెట్టుకోండి. ఆ రోజు నీకు క్లాసు లేదు, ఆయనా ఇంట్లోనే ఉంటాడు. పేజీ తెరిచాక సేవ్ నొక్కే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి. తొమ్మిది దాటితే నేను మిల్లులో ఉంటా, ఆ మోతలో ఏమీ వినబడదు, అంతకుముందే చెయ్యి. ఈలోపు కింది రౌటర్ స్టిక్కర్, అల్లుడి పాత రౌటర్ స్టిక్కర్ రెండూ ఫోటో తీసి పంపు. వాటి మీద పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి మన చుట్టాల గ్రూపులో పెట్టకుండా నాకు విడిగా పంపు. మీ అమ్మ మామిడికాయలు కోయించింది, పచ్చడి కలిపాక బస్సులో పంపుతుంది. కింద ఆంటీ వాళ్లకు కూడా ఒక సీసా పెడతానంది.

మీ నాన్న