ఈ పెట్టెను ఎవరు పరీక్షించారు? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పదకొండేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. కళ్లె శాంపిళ్లు పంపే పెట్టె విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదాన్ని సంబంధిత విభాగానికి పంపామని చెప్పారు. మూడోదానికి ‘పరిష్కరించబడినది’ అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సందేశం చదివేటప్పటికి నా బల్ల మీద మూల విరిగిన థర్మాకోల్ పెట్టె అలాగే ఉంది. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. హద్దు మీరానని అనిపిస్తే మన్నించండి.

నా ప్రశ్న చిన్నది. టీబీ అనుమానం ఉన్నవాళ్ల కళ్లెను మేము జిల్లా ల్యాబ్‌కు పంపుతున్న ఈ పెట్టెను, మా చేతికి ఇచ్చే ముందు ఎవరైనా ఒక్కసారి కింద పడేసి చూశారా?

మూడు పొరల ప్యాకింగ్ గురించి మీ అధికారులకు నేను చెప్పనక్కర్లేదు. శిక్షణలో మాకు నేర్పింది వాళ్లే. ట్యూబు, ట్యూబు చుట్టూ దూది, దాన్ని మూసే రెండో డబ్బా, ఆపైన గట్టి పెట్టె. బొమ్మలు వేసి చూపించారు, పరీక్ష పెట్టారు, ధ్రువపత్రాలూ ఇచ్చారు. ఆ తర్వాత మాకు అందినవి ఏమిటి? కళ్లె పట్టే ఫాల్కన్ ట్యూబులు, అంటే మరమూత ఉండే ప్లాస్టిక్ ట్యూబులు, బాగానే ఉన్నాయి. రెండో డబ్బా స్థానంలో జిప్ కవరు వచ్చింది. గట్టి పెట్టె స్థానంలో, బొటనవేలితో గట్టిగా నొక్కితే గుంట పడే థర్మాకోల్ పెట్టె వచ్చింది. పైన అట్ట కూడా లేదు.

రోగకారక పదార్థాల రవాణా నియమాల్లో క్షయ రోగి కళ్లె కేటగిరీ బి కిందికి, అంటే యూఎన్ 3373 అనే నంబరు కిందికి వస్తుంది. దానికి ఐక్యరాజ్యసమితి నియమావళిలో పి 650 అనే ప్యాకింగ్ సూచన ఉంది. ట్యూబు గానీ రెండో డబ్బా గానీ 95 కిలోపాస్కల్ పీడనానికి కారకుండా నిలవాలి. అన్నీ సర్దిన పెట్టె 1.2 మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడినా లోపలి ట్యూబు నుంచి కారుడు ఉండకూడదు. ఒక్కసారి పడేస్తే చాలదు. అడుగు మీద, మూత మీద, పొడుగు పక్క మీద, పొట్టి పక్క మీద, చివరికి ఒక మూల మీద పడేయాలి. ప్రతిసారీ కొత్త పెట్టె ఉండాలి. అట్టపెట్టె అయితే ముందుగా గంటసేపు వానలో తడిసినట్టు నీళ్లు చల్లి మరీ పడేయాలి. 1.2 మీటర్లంటే మనిషి రొమ్ము ఎత్తు. పెట్టె చేతిలో పట్టుకుని బస్సు మెట్టు ఎక్కుతూ ఎవరైనా తడబడితే అది పడేది సరిగ్గా అంత ఎత్తు నుంచే. ఈ కొలత రాసినవాళ్లెవరో గానీ, మోసేవాడి బాధ తెలిసి రాశారు.

మా పెట్టెతో పాటు వచ్చిన కాగితం నా దగ్గర ఉంది. లోపల చల్లదనం ఎన్ని గంటలు నిలుస్తుందో అందులో రాసి ఉంది. కింద పడితే ఏమవుతుందో ఒక్క ముక్క లేదు. జిల్లా కార్యాలయంలో అడిగితే ‘క్వాలిటీ సర్టిఫికెట్ ఉందమ్మా’ అన్నారు. ఉంది, కాదనను. అది చల్లదనానికి ఇచ్చిన సర్టిఫికెట్. అడుగున అతికించిన ఆ కాగితం చూసి పెట్టె మొత్తం పరీక్షకు నిలిచిందని అనుకుంటున్నారు.

ఎవరూ చూడలేదు కాబట్టి నేనే చూశాను. ఒక ఆదివారం ఆసుపత్రి వెనక గోడ మీద టేపుతో కొలిచి 1.2 మీటర్ల దగ్గర సుద్దముక్కతో గీత గీశాను. ట్యూబులో నీళ్లు పోసి నీలం సిరా కలిపాను. ఎప్పుడూ సర్దినట్టే సర్దాను. దూది చుట్టాను, జిప్ కవరులో పెట్టాను, చల్లదనం కోసం పక్కన రెండు జెల్ ప్యాకులు పెట్టి మూత వేసి టేపు అంటించాను. నియమం ప్రకారం ఐదు కొత్త పెట్టెలు కావాలి. నా దగ్గర ఉన్నవి రెండే. మొదటిది అడుగు మీద పడేశాను, నిలిచింది. మూత మీద పడేశాను, టేపు ఊడింది గానీ ట్యూబుకు ఏమీ కాలేదు. రెండోదాన్ని మూల మీద పడేశాను. ఎండిన పుల్ల విరిగినట్టు చప్పుడైంది. మూల ఊడి పక్కకు ఎగిరింది. కవరు బయటికి జారింది, అది సిమెంటు గచ్చుకు తగిలిన చోట ట్యూబు మూత వదులైంది. తెల్లటి థర్మాకోల్ ముక్కల మీద నీలం మరక పాకుతుంటే చూస్తూ నిలబడ్డాను. సిరా కాబట్టి కడిగేశాను. ఆ రెండు పెట్టెల ఖరీదు నేను కడతానని మూడో అర్జీలోనే రాశాను. ఆ మాట ఇప్పటికీ అంతే.

సిరా కాని రోజు సంగతి కూడా చెప్పాలి.

కొండ మీది ఊరి నుంచి అరవై దాటిన ఒక అవ్వ వచ్చింది. రెండు నెలలుగా దగ్గు. గతంలో ఒకసారి మందులు వాడి మధ్యలో ఆపేసిన మనిషి. మందులకు లొంగని టీబీ అయి ఉంటుందేమోనని మా డాక్టర్ గారికి అనుమానం. తెల్లవారుజాము కళ్లె కావాలంటే ముందురోజు సాయంత్రమే దిగి వచ్చి మా వరండాలో పడుకుంది. పొద్దున్నే వేపచెట్టు కింద నిలబడి, పక్కటెముకలు పట్టుకుని దగ్గి దగ్గి, ఆ ట్యూబులో రెండు చెంచాలంత తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘ఇది చాలునా తల్లీ?’ అని అడిగింది. చాలునన్నాను. పేరు రాశాను, పెట్టె సర్దాను, ఏడు గంటల బస్సుకు పంపాను.

మరుసటి రోజు ల్యాబ్ నుంచి ఫోను. శాంపిల్ కారిపోయింది, తీసుకోలేదు. పెట్టె తిరుగు బస్సులో వచ్చింది. గ్లవుజులు, మాస్కు వేసుకుని తెరిచాను. జెల్ ప్యాకులు కరిగి మెత్తబడి ఒక పక్కకు ఒరిగాయి. వాటి మధ్య బిగువుగా ఉండాల్సిన కవరు ఘాట్ రోడ్డు మలుపుల్లో ఇటూ అటూ కొట్టుకుంది. మంచు కరిగినా రెండో డబ్బా ఉన్నచోటే ఉండేలా లోపల ఆధారం పెట్టాలని అదే నియమంలో స్పష్టంగా ఉంది. మా పెట్టెలో అలాంటి ఆధారం లేదు, అడిగితే పాత వార్తాపత్రికలు కుక్కమన్నారు. ట్యూబు మూత కారకుండా చుట్టే సాగే పొర, పారాఫిల్మ్, చిట్లింది. దూది జిగటగా తడిసింది. నేను రాసిన పేరులో మొదటి రెండు అక్షరాలే మిగిలాయి.

ఆ అవ్వ దగ్గర ఫోను లేదు. ఆశా కార్యకర్త కొండెక్కి కబురు చెప్పి, మళ్లీ ఆమెను దించేసరికి పంతొమ్మిది రోజులు పట్టింది. రెండో శాంపిల్ క్షేమంగా చేరింది. టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ అని తేలింది. ఆ పంతొమ్మిది రోజులూ ఆమె ఒక్క గది ఇంట్లో ఇద్దరు మనవళ్ల పక్కన పడుకుంది. చిన్నవాడికి నాలుగేళ్లు. ఇద్దరికీ పరీక్షలు చేయించాము. ఫలితం ఏమిటన్నది ఇక్కడ రాయను, అది ఆ ఇంటి విషయం. కానీ ఆ పంతొమ్మిది రోజులను ఏ రిజిస్టరులో, ఏ గడిలో నమోదు చేయాలో మీరే చెప్పండి. క్షయ రోగుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో శాంపిల్ తిరస్కరించారని మాత్రం ఎక్కింది. ఎందుకు కారిందో ఎక్కలేదు.

పెట్టె మోసేవాళ్ల గురించి కూడా ఆలోచించండి. మా పెట్టె మీద ఏ గుర్తూ ఉండదు. వజ్రం ఆకారంలో, ఒక్కో పక్క కనీసం 50 మిల్లీమీటర్లు ఉండేలా యూఎన్ 3373 అని ముద్ర ఉండాలి. ముద్ర లేకపోవడం వల్ల కండక్టరు ఆ పెట్టెను తన సీటు కింద, అన్నం క్యారియర్ పక్కన పెట్టుకుంటాడు. ‘ఏముందమ్మా ఇందులో?’ అని ఒకాయన అడిగాడు. నిజం చెబితే పెట్టె ఎక్కించుకోడు. చెప్పకపోతే నేను ఆయనకు ద్రోహం చేసినట్టు. పరీక్షకు నిలిచిన పెట్టె అయితే ధైర్యంగా నిజం చెప్పేదాన్ని. ‘ఇది పడినా కారదన్నా, పడేసి చూశారు’ అని చెప్పేదాన్ని. అంత మాట అనగలిగే పెట్టె నాకు ఇవ్వండి.

బస్సు లేని రోజున ఒక కుర్రాడు బండి వెనక తాడుతో కట్టుకుని తీసుకెళ్తాడు. వానాకాలంలో వాగు దాటేటప్పుడు పెట్టెను తల మీద పెట్టుకుంటాడు. తల మీద నుంచి నేలకు 1.2 మీటర్లు కాదు, అంతకంటే ఎక్కువే. అతనికి గ్లవుజులు లేవు. పెట్టె పగిలితే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేనే ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టాను. చేతితో ముట్టుకోవద్దు, గుడ్డ కప్పి దాని మీద బ్లీచింగ్ నీళ్లు పోసి, నాకు ఫోను చెయ్యి అని.

2020లో కరోనా శాంపిళ్లకు గట్టి పెట్టెలు వచ్చాయి. మరమూత డబ్బా, లోపల ఫోమ్ అచ్చు, పైన ముద్ర, అన్నీ ఉన్నాయి. అంటే చేయలేనిది కాదు. ఆ పెట్టెల్లో ఒకటి ఈ మధ్య వరకు వాడాను. కీలు ఊడిపోయింది. కరోనాకు దొరికిన పెట్టె, అంతకు ముందు నుంచీ ఇక్కడే ఉన్న క్షయకు ఎందుకు దొరకదు? 2025 నాటికి క్షయను అంతం చేస్తామని 2018లో ఢిల్లీలో దేశం మాట ఇచ్చింది. ఆ మాట కోసం ఇంటింటికీ తిరిగి కళ్లె సేకరించమన్నారు, తిరిగాము. ట్యూబుల సంఖ్య పెరిగింది. పెట్టె మాత్రం మారలేదు.

కల్చర్ ల్యాబ్‌లో పనిచేసే నా స్నేహితురాలి బాధ ఇంకొకటి. కళ్లె కేటగిరీ బి అయితే, దాని నుంచి పెంచిన క్షయ క్రిముల కల్చర్ అంతకంటే ప్రమాదకరమైన కేటగిరీ ఏ, యూఎన్ 2814. దాని పెట్టెను 9 మీటర్ల నుంచి పడేయాలి, ప్లాస్టిక్ అయితే మైనస్ 18 డిగ్రీల చలిలో 24 గంటలు ఉంచి పడేయాలి, 7 కిలోల ఉక్కు కడ్డీని మీటరు ఎత్తు నుంచి దాని మీద వదలాలి. ప్రాణాంతకమైన నీపా వైరస్ సోకిన రోగి నుంచి తీసిన శాంపిల్‌దీ అదే కేటగిరీ. అలాంటి రోగి రేపు మా కేంద్రానికి వస్తే నా అలమరలో ఉన్నది ఈ థర్మాకోల్ పెట్టే. ఆ ఊహకే నాకు నిద్ర పట్టదు.

పరీక్ష చేయించడానికి ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లోనే కేంద్రం ఉంది. పెట్టె కొనే ముందు పడేసి చూడమనండి. టెండరులో చల్లదనం పక్కన 1.2 మీటర్ల మాట ఒక్కటి చేర్చండి. జిప్ కవరు తీసేసి మరమూత డబ్బా ఇవ్వండి. పైన ముద్ర వేయండి. మోసేవాళ్లకు ఒక పూట శిక్షణ ఇవ్వండి. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే పెట్టె ఒక్కటైనా మార్చండి. దయచేసి పెట్టె మార్చండి.

విచారణ జరిపిస్తే నేను వస్తాను. గోడ మీది సుద్దగీత ఇంకా చెరగలేదు, మీ అధికారులను పంపితే వాళ్ల ముందే మళ్లీ పడేసి చూపిస్తాను. ఈ లేఖ రాసినందుకు నన్ను బదిలీ చేసినా, నా స్థానంలో వచ్చేవారికి ఈ పెట్టె ఇవ్వకండి.

రేపు ఏడు గంటల బస్సుకు నాలుగు ట్యూబులు పంపాలి. రెండు చిన్నపిల్లలవి. ఇప్పుడే వార్తాపత్రికలు చింపి పెట్టె మూలల్లో కుక్కుతున్నాను.

ఇట్లు,
మీ శాఖలో పనిచేసే ఒక ల్యాబ్ టెక్నీషియన్