మైకు ఎత్తు తగ్గించాం

ప్రియమైన తల్లిదండ్రులకు వందనాలు.

పోయిన గురువారం చాపెల్‌లో వాక్యం చదవడానికి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ముందుకు వచ్చారు. బైబిల్లోని మొదటి సమూయేలు గ్రంథం, మూడో అధ్యాయం. మూడు వచనాలు చక్కగా సాగాయి. అంతలో ఫ్యాను గాలికి పేజీలు రెపరెపలాడి ఎక్కడికో తిరిగిపోయాయి. ముందు వరసలో ఉన్న క్లాస్ టీచర్ లేవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ అమ్మాయి తాపీగా పేజీలు వెనక్కి తిప్పి, వేలితో చోటు వెతుక్కుని, "నాలుగో వచనం నుంచి చదువుతున్నాను" అని మళ్లీ అందుకుంది. మహా అయితే ఇరవై సెకన్లు పట్టి ఉంటుంది. ఆ ఇరవై సెకన్లూ నా గుండె గొంతులోనే ఉంది.

ఈ టర్ము నుంచి గురువారం ఆరాధనను ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలే నడుపుతున్నారు. ప్రారంభ ప్రార్థన, కీర్తనల ఎంపిక, వాక్యపఠనం, విజ్ఞాపన ప్రార్థన అన్నీ వాళ్లవే. నెలకోసారి ఐదు నిమిషాల వాక్య ధ్యానం కూడా ఒకరు చెబుతారు. ఆశీర్వాదం మాత్రం పాస్టరు గారిదే. "పిల్లలకు ఇంత బాధ్యత ఎందుకండీ, ఏడాదికోసారి యూత్ సండే ఉంటుందిగా" అని కొందరు అడిగారు. ఈ ఉత్తరం వాళ్ల కోసమే.

యూత్ సండే మీద నాకు పెద్ద గురి లేదు. ఆ ఒక్క రోజూ పిల్లలు తెల్లబట్టలు వేసుకుని అన్నీ చేసేస్తారు, మనం ఫొటోలు తీసుకుంటాం, మరుసటి ఆదివారం వాళ్లు మళ్లీ వెనక బెంచీలకు వెళ్లిపోతారు. మధ్యయుగపు ఐరోపాలో బాల బిషప్పు అని ఒక ఆచారం ఉండేది. డిసెంబరు 6న ఒక అబ్బాయిని ఎన్నుకుని బిషప్పు వస్త్రాలు తొడిగేవాళ్లు. డిసెంబరు 28 దాకా ఆ గౌరవం అతనిది. ముచ్చటైన ఆచారమే, కానీ పండగ అయిపోగానే ఆ వస్త్రాలు మళ్లీ పెట్టెలోకి వెళ్లేవి. మన యూత్ సండే చూసినప్పుడల్లా నాకు ఆ పెట్టే గుర్తొస్తుంది.

1881 ఫిబ్రవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన సంఘంలోని యవ్వనస్తులతో క్రిస్టియన్ ఎండెవర్ అనే యువజన సమాజాన్ని మొదలుపెట్టినప్పుడు వేరే దారి పట్టారు. చేరినవాళ్లు ప్రతి ప్రార్థన కూటంలోనూ ఏదో ఒక విధంగా పాలుపంచుకుంటామని ప్రమాణం చేయాలి. చిన్న ప్రార్థనైనా సరే, రెండు మాటల సాక్ష్యమైనా సరే. ఊరికే వచ్చి కూర్చుని వెళ్లడం కుదరదు. కొద్ది ఏళ్లలోనే అది దేశాలు దాటింది. నాకు నచ్చింది ఆ వ్యాప్తి కంటే ఆ నియమమే: పని చిన్నది, కానీ ప్రతిసారీ ఉంటుంది.

మళ్లీ సమూయేలు దగ్గరికి వస్తాను. రాత్రి పేరు పెట్టి పిలిచిన స్వరం విని బాలుడు మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. పిలుస్తున్నది దేవుడని మూడోసారికి గానీ ఆ ముసలి యాజకుడికి తట్టలేదు. తట్టాక ఏం చేశాడు? తాను లేచి వెళ్లి జవాబివ్వలేదు. ఎలా జవాబివ్వాలో చెప్పి, పోయి పడుకోమని పంపాడు. తెల్లారాక, తన ఇంటికి రాబోయే శిక్ష గురించిన మాటనే ఆ పిల్లవాడి నోట, ఏదీ దాచొద్దని పట్టుబట్టి మరీ విన్నాడు. ఈ కథను మనం పిల్లలకు సమూయేలు కథగా చెబుతాం. పెద్దలు మాత్రం ఏలీ కథగా చదువుకోవాలని నా అభిప్రాయం.

పిల్లల నోట వినడం అంత తేలిక కాదని నాకూ ఈ మధ్యే తెలిసింది. ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చిన రోజు విజ్ఞాపన ప్రార్థన తొమ్మిదో తరగతి అబ్బాయి వంతు. రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించాక, "ప్రభువా, ఈ రాత్రి ప్రతి ఇంట్లో భోజనం ప్రశాంతంగా జరిగేలా చూడు" అన్నాడు. పిల్లల "ఆమెన్" కిటికీలు అదిరేలా వచ్చింది. టీచర్ల "ఆమెన్" కాస్త ఆలస్యంగా వచ్చింది. ఇకనుంచి ప్రార్థనలన్నీ ముందే నాకు చూపించాలని రూలు పెడదామా అని ఆ సాయంత్రం ఒక క్షణం అనిపించింది. పెట్టలేదు.

పిల్లలు ఎలా సిద్ధమవుతున్నారో కూడా చెప్పాలి. వాక్యం చదివేవారికి వారం ముందే భాగం ఇస్తాం. అధ్యాయం మొత్తం చదవాలి, తమ భాగాన్ని కనీసం మూడుసార్లు పైకి చదవాలి, అర్థం కాని మాట ఉంటే అడగాలి. ఈసారి "చిత్తమండి" దగ్గర సగం మంది ఆగిపోయారు. "అలాగేనండి, ఇదిగో వచ్చానండి" అన్నట్టు అని చెప్పాక చదివే గొంతే మారిపోయింది. ప్రార్థన కాగితం మీద రాసుకోవచ్చు, అందులో తప్పేం లేదు. రిహార్సల్ బుధవారం స్కూలు అయ్యాక, ఎప్పుడూ ఇద్దరు టీచర్ల సమక్షంలోనే.

టెన్షన్ సంగతి. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చాపెల్‌లో 1918 నుంచి క్రిస్మస్ ముందు రోజు తొమ్మిది వాక్యభాగాల ఆరాధన జరుగుతోంది. మొదటి కీర్తన మొదటి చరణాన్ని ఒక్క బాలుడే, వాద్యం తోడు లేకుండా పాడతాడు. కొందరు బాలురు సిద్ధమై ఉంటారు గానీ, పాడేది ఎవరో దాదాపు ఆఖరి క్షణం దాకా వాళ్లకే తెలియదు. దర్శకుడు సైగ చేస్తాడు, పిల్లవాడు అందుకుంటాడు. రాత్రంతా బెంగపడే పని ఉండదు కదా! మేము అంత దూరం వెళ్లం గానీ, ప్రతి పనికీ ఇద్దరిని సిద్ధం చేస్తున్నాం. ఒకరికి ఆ రోజు గొంతు పెగలకపోతే రెండోవారు లేస్తారు. వెనక్కి తగ్గినవారిని ఎవరూ కారణం అడగరు.

మీ నుంచి కోరేది కొంచెమే. దయచేసి ప్రార్థన మీరు రాసి ఇవ్వకండి. పెద్దలు రాసింది మొదటి వాక్యానికే తెలిసిపోతుంది. పన్నెండేళ్ల పిల్ల "సర్వలోక నాథుడా" అని గుక్క తిప్పుకోకుండా రెండు నిమిషాలు చెబితే వెనక బెంచీ పిల్లలు కూడా పట్టేస్తారు. ఇంటికి వచ్చాక "తడబడ్డావేం" అనకుండా, ఏం చదివావని అడగండి. ఆరాధన జరుగుతున్నంతసేపూ ఫోన్లు సంచుల్లో ఉండాలి. వీడియో తీస్తున్నారని తెలిస్తే పిల్లల చూపు అటే పోతుంది.

ఎవరినీ పేరు పెట్టి బలవంతం చేయడం లేదు. ఇతర మతాల పిల్లలకూ, నమ్మకం గురించి ఇంకా తేల్చుకోని పిల్లలకూ ఇది పూర్తిగా వాళ్ల ఇష్టం. సౌండ్ సిస్టమ్, కుర్చీలు సర్దడం, కీర్తనల పుస్తకాలు పంచడం లాంటి పనులు అడిగినవాళ్లకు అవి ఇచ్చాం. మాట్లాడటానికి సిగ్గుపడే ఒక అబ్బాయి ఇప్పుడు మైకుల ఇన్‌ఛార్జి. పెద్దలకు సరిపోయే స్టాండు పిల్లల నుదుటికి వస్తోందని మొదట గమనించింది అతనే. ఇప్పుడు చదివేవారి ఎత్తును బట్టి ముందే సరిచేసి పెడుతున్నాడు.

వచ్చే గురువారం వాక్యపఠనం యోహాను సువార్త ఆరో అధ్యాయం, ఐదు రొట్టెలూ రెండు చేపలూ తెచ్చిన చిన్నవాడి భాగం. రావాలనుకునే తల్లిదండ్రులు వెనక రెండు వరసల్లో కూర్చోవచ్చు. పేజీలు ఎగరకుండా ఈసారి బైబిలుకు రెండు క్లిప్పులు పెట్టించాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు