బాక్సు జరిపి వినండి, ఆ తర్వాతే స్క్రూ బిగించండి

సంపాదకులకు నమస్కారం.

కారు డిక్కీలో ఊఫర్ (బాక్సులో బిగించే, బేస్ మోగించే పెద్ద స్పీకరు) పెట్టించుకున్నవాళ్లు చాలామంది కొన్నాళ్లకే దుకాణానికి తిరిగొచ్చి, 'బేస్ చాలడం లేదు, ఇంకా పెద్ద ఆంప్ (యాంప్లిఫయరు) వేయండి' అంటారు. ఎక్కువసార్లు లోపం ఆంప్‌లోనూ ఉండదు, ఊఫర్‌లోనూ ఉండదు. బాక్సు పెట్టిన చోటులో ఉంటుంది. పండగలకు కొత్త కార్లు కొని సౌండ్ సిస్టమ్ వేయించుకునేవాళ్లు డబ్బు పోగొట్టుకోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాం.

సామాన్లకు చోటు మిగలాలని బాక్సును వెనక సీటుకు ఆనించి, ఊఫర్‌ను డిక్కీ డోరు వైపు తిప్పి బిగించేయడం మామూలైపోయింది. సెడాన్‌లో అలా పెడితే ఊఫర్‌కూ వెనక గోడకూ మధ్య 90 సెంటీమీటర్ల దాకా ఖాళీ ఉంటుంది. శబ్దం కొంత నేరుగా క్యాబిన్‌లోకి వెళ్తుంది. కొంత వెనక గోడకు తగిలి తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చేది 180 సెంటీమీటర్లు ఎక్కువ ప్రయాణం చేస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 95 హెర్ట్జ్ (సెకనుకు 95 కంపనాలు) దగ్గర అల పొడవు 3.6 మీటర్లు. 180 సెంటీమీటర్లంటే అందులో సరిగ్గా సగం. ఒక అల గాలిని తోస్తుంటే రెండోది లాగుతుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కిక్ డ్రమ్ము దెబ్బలో ఛాతీకి తగిలే బలం చాలావరకు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. ఆంప్ పెంచితే రెండు అలలూ కలిసే పెరుగుతాయి, శబ్దం అలా పడిపోయిన గుంట మాత్రం పూడదు.

అదే బాక్సును వెనక్కి జరిపి ఖాళీని 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఈ గుంట 340 హెర్ట్జ్ దగ్గరికి వెళ్లిపోతుంది. ఊఫర్‌కు ఎలాగూ 80 హెర్ట్జ్ పైన శబ్దం వెళ్లకుండా కట్ చేస్తాం, కాబట్టి ఇక దానితో పేచీ ఉండదు. 50 హెర్ట్జ్ కింద మాత్రం బాక్సు ఎక్కడున్నా పెద్ద తేడా రాదు. 40 హెర్ట్జ్ అల ఎనిమిదిన్నర మీటర్లుంటుంది, కారు కన్నా పొడుగు. అక్కడ కారంతా ఒకే గాలి డబ్బాలా ఒత్తిడికి లోనవుతుంది. అందుకే తేడా వెతకాల్సింది 50కీ 100కీ మధ్య. డిక్కీ గోడలు వంపులు తిరిగి ఉంటాయి గనుక పై లెక్క దారి చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు. చివరి మాట చెవిదే.

వినే పద్ధతి ఇది. ఊఫర్‌కు రెండు మీటర్ల వైరు అదనంగా వదలాలి. స్టీరియోలో ఈక్వలైజరు, లౌడ్‌నెస్, ఆంప్‌లో బేస్ బూస్టు అన్నీ ఆపేయాలి. డోర్లు, అద్దాలు, డిక్కీ మూసి, డ్రైవరు సీట్లో కూర్చుని 40, 50, 63, 80, 100 హెర్ట్జ్ టోన్లు ఒకే వాల్యూములో మోగించాలి. ఫోన్‌లోని సౌండ్ మీటరు చూపే అంకెను నమ్మక్కర్లేదు, కానీ ఒకే టోన్‌కు రెండు చోట్ల మధ్య వచ్చే తేడాను అది బాగానే చూపిస్తుంది. సీటుకు ఆనించి ఒకసారి, వెనక గోడకు 20-30 సెంటీమీటర్ల దూరంలో ఒకసారి, పక్క మూలకు తిప్పి ఒకసారి, ఊఫర్ పైకి చూసేలా ఒకసారి పెట్టి రాసుకోవాలి. ఒక చోట 3 డెసిబెళ్లు పెరిగాయంటే ఆంప్ పవర్‌ను రెట్టింపు చేసినంత లాభం. అదీ ఖర్చు లేకుండా.

హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, క్యాబిన్ ఒకే గది. అక్కడ ఊఫర్‌ను పైకి గానీ వెనక్కి గానీ పెట్టడం తేలిక. సెడాన్‌తోనే చిక్కు. సీటు మడిచే వీలుంటే బాక్సును ఆ ఖాళీకి ఆనించి, ఊఫర్‌ను ముందుకు తిప్పి, చుట్టూ ఫోమ్ పట్టీతో సందులు పూర్తిగా మూయాలి. సందు మిగిలితే సగం బేస్ డిక్కీలోకి జారిపోతుంది. పోర్టెడ్ బాక్సయితే (గాలి పోయే గొట్టం, అంటే పోర్టు, ఉన్నది) పోర్టు కూడా క్యాబిన్ వైపే ఉండాలి. ఊఫర్ ఒకవైపు, పోర్టు ఇంకోవైపు పెట్టడం పెద్ద తప్పు. పోర్టు నోటికి ఎదురుగా కనీసం దాని వ్యాసమంత ఖాళీ ఉండాలి, లేకపోతే గాలి చప్పుడు వస్తుంది, ట్యూనింగ్ కూడా కిందికి జారుతుంది. సీటు మడవని కార్లలో వెనక ట్రేకున్న స్పీకర్ రంధ్రాలే బేస్‌కు దారి. అక్కడ ఓవల్ స్పీకర్లు ఉంటే డిక్కీలోని ఒత్తిడి వాటి కోన్లను కిందనుంచి నెట్టి పాటను చెడగొడుతుంది. వాటిని తీసేసి, రంధ్రాల మీద జాలీ మాత్రమే ఉంచడం మేలు.

చోటు కుదిరాక ఫేజ్ స్విచ్చు (ఊఫర్ అలను తలకిందులు చేసేది) 0లో, 180లో పెట్టి 80 హెర్ట్జ్ టోన్ వినండి. ఎక్కువ మోగేదే సరైనది. డోర్ స్పీకర్లకు కూడా 80 దగ్గర హై పాస్ (అంతకన్నా కింది శబ్దాన్ని ఆపే ఫిల్టరు) పెట్టండి. స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ (అన్ని స్పీకర్ల శబ్దం ఒకేసారి చెవికి చేరేలా సర్దేది) ఉంటే డోర్ స్పీకర్లను ఆలస్యం చేయాలి, ఎందుకంటే దూరంగా ఉన్నది ఊఫరు. ప్రతి 34 సెంటీమీటర్ల తేడాకు 1 మిల్లీసెకను. రెండు ఊఫర్లుంటే ఒక్కోదానికి ఒకటిన్నర వోల్టుల సెల్లు తాకించి, రెండు కోన్లూ ఒకే వైపు కదులుతున్నాయో లేదో చూడాలి. ఒకదాని ప్లస్, మైనస్ తారుమారైతే బేస్ మాయమవుతుంది.

ఆంప్ మీది గెయిన్‌ను (స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టేది) వాల్యూము నాబ్ అనుకుని తిప్పేయడం వల్లే ఊఫర్లలో ఎన్నో వాయిస్ కాయిళ్లు (కోన్‌ను కదిపే తీగచుట్టలు) కాలుతున్నాయి. ఊఫర్ వైర్లు తీసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటరుతో ఆంప్ అవుట్‌పుట్ చూడాలి. 4 ఓమ్‌ల ఊఫర్‌కు 300 వాట్లు ఇవ్వాలంటే అది 35 వోల్టులు. గెయిన్ పెంచడం అక్కడ ఆపేయాలి.

బిగించే పనిలో అజాగ్రత్త ప్రాణాంతకం. 12 అంగుళాల ఊఫర్ ఉన్న ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన పలక) బాక్సు సులువుగా 20 కిలోలు దాటుతుంది. గట్టిగా బ్రేకు పడితే అది సీటు మీదికి దూసుకొస్తుంది. రెండు వైపులా ఎల్ క్లాంపులో, డిక్కీ కొక్కేలకు రాచెట్ బెల్టో తప్పనిసరి. డ్రిల్ పెట్టేముందు కారు కిందకు వంగి ట్యాంకు, పైపులు ఎక్కడున్నాయో చూడాలి. సీఎన్‌జీ కారులో సిలిండరు బ్రాకెట్‌కు ఏదీ బిగించకూడదు, వాల్వు దగ్గర వైరు జాయింటు ఉండనే కూడదు. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి. ఎర్త్‌ను పెయింటు గీకిన బాడీ రేకుకు ఇవ్వాలి, సీటు బెల్టు బోల్టుకు కాదు.

డిక్కీ తెరిచి వీధిలో మోగించేవాళ్లకు ఒక మాట. డోరు తెరవగానే క్యాబిన్ ఒత్తిడి పోతుంది, లోపల బేస్ తగ్గి, బయట ఇరుగుపొరుగుకు నిద్ర చెడుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో పరిమితి 45 డెసిబెళ్లే.

దుకాణాలవారిని కోరేది ఒక్కటే. బాక్సు బిగించే ముందు కస్టమర్‌ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పైన చెప్పిన నాలుగు చోట్లా వినిపించండి. పావుగంట పని. కొనేవాళ్లు కూడా అది వినకుండా బిల్లు కట్టకండి.

— కార్ స్టీరియో ఫిట్టింగ్ పనివారు, ఆటోనగర్, విజయవాడ