ఒక్కటి కలిపితే జాతకం మారిన సంఖ్య

ఒరేయ్ రమణా,

పెద్ద సంఖ్య ఒకటి చెప్పి దాని కథ రాయమన్నావుగా, కాచుకో. 4294967297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ముప్పైరెండు 2లని వరసగా గుణించి, పైన 1 కలిపితే వచ్చేది.

ఆ 1 కలపకముందు దాంట్లో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎంత విడగొట్టినా 2లే రాలతాయి. 32 బిట్లలో (అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్లలో) పట్టే విలువలు సరిగ్గా అన్నే కాబట్టి కంప్యూటర్ వాళ్లకి మాత్రం బాగా పరిచయం. 1 కలిపావా, అసలు గొడవ మొదలు.

3, 5, 17, 257, 65537. ఒక్కోదాంట్లో 1 తీసి, వర్గం చేసి, మళ్లీ 1 కలిపితే తర్వాతది వస్తుంది. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మనది. వరసంతా ప్రధానమేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640లో గట్టిగా నమ్మాడు, నిరూపణ మాత్రం చేతికి చిక్కలేదు. 1729లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఈ సంగతి ఇంకో గణితజ్ఞుడు ఆయిలర్ చెవిన వేశాడు. (అవును, 1729 అంటే రామానుజన్ టాక్సీ నంబరే. నువ్వు అంటావని ముందే రాసేశా.) 1732లో ఆయిలర్ తేల్చేశాడు: 641 × 6700417. అప్పటికి ఆయనకి పాతికేళ్లు!

మామూలుగా వెతికితే, మన సంఖ్య వర్గమూలం దాదాపు 65536 కాబట్టి, దాని లోపు 6542 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. కానీ దీని కారణాంకం ఏదైనా 64 గుణిజానికి 1 ఎక్కువే ఉండాలని ఆయిలరే తర్వాత నిరూపించాడు. అప్పుడు మిగిలే ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641, ఇలా వెళ్తాయి. అయిదోదానికే దొరికిపోయింది. ఫెర్మా వరసలో ఆ మొదటి అయిదు కాక ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

నాకు మరీ ముచ్చటగా అనిపించేది ఇది కాదురా. మన సంఖ్య 65536 వర్గానికి 1 వర్గం కలిపితే వచ్చేదే కదా. 62264 వర్గానికి 20449 వర్గం కలిపినా ఇదే వస్తుంది! ప్రధాన సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే అది ఒకే ఒక్క విధంగా కుదురుతుంది. ఇక్కడ రెండు విధాలా కుదిరింది కాబట్టి, భాగహారం జోలికి పోకుండానే గుట్టు బయటపడినట్టు.

ఈ రెండో జత ఎక్కడిదంటావా? 641 అంటే 25, 4ల వర్గాల మొత్తం. 6700417 అంటే 2556, 409ల వర్గాల మొత్తం. 25 × 409 = 10225. 4 × 2556 = 10224. తీసేస్తే 1, కలిపితే 20449. అలాగే 25 × 2556కి 4 × 409 కలిపితే 65536, తీసేస్తే 62264. ఆ 10225, 10224 పక్కపక్కనే పడటం చూశావా, మొదటి జతలోని 1 అక్కణ్ణుంచే వచ్చింది. ఇంకో తమాషా, 20449 మళ్లీ 143కి వర్గం.

641 భాగిస్తుందని చేత్తో తేల్చడం నీకు వదిలేస్తున్నా. 640 అంటే 5 × 128, 641 అంటే 625 + 16. ఈ రెండు ముక్కలు చాలు. కాలిక్యులేటర్ తీశావని తెలిస్తే ఊరుకోను. జవాబు రాయి.

నీ
మురళి